పత్తిచేల మీద పసుపుపచ్చ విమానం

"రేపు తెల్లారుజామున ఇమానం మందు కొడతందహో! గొడ్డూ గోదా మేతకి తోలబాకండహో! మంచినీళ్ళ బావులకి మూతలేసుకోండి, కోళ్ళని గంపల కింద కమ్ముకోండి, పత్తిచేల దిక్కు ఎవురూ పోబాకండహో!"

దీపాలు పెట్టే వేళకి డప్పు తాత మా ఊరి బజార్లన్నీ తిరిగి ఈ చాటింపు వేశాడు. ఈ తెలివి మా ఊరి పెద్దలదే అని చాన్నాళ్ళు అనుకున్నాను. కాదట. విమానంతో మందు కొట్టాలంటే కనీసం 24 గంటల ముందు జనానికి తెలియజేయాలని, మనుషుల్నీ పశువుల్నీ ఆ పొలాల్లోకి రానివ్వకూడదని 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లోనే రాసుంది. మా ఊరికి అందులో సగం టైము కూడా దక్కలేదనుకోండి, అది వేరే సంగతి. కోళ్ళూ గంపలూ మాత్రం తాత సొంత కవిత్వం.

ఇందిరాగాంధీని చంపిన ఏడాది అది. 1984 చివర. నేను ఏడో తరగతి. ఇంకొల్లుకీ పర్చూరుకీ మధ్య నల్లరేగడి పల్లె మాది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు బాపట్ల కిందికి పోయాం కానీ, మా నోట ఇప్పటికీ ప్రకాశం జిల్లా అనే వస్తుంది. అమ్మదీ నాన్నదీ ఒకే ఊరు. అందుకని మేనమామ ఇల్లు మాకు రెండు బజార్ల అవతలే. ఈ కథంతా మా మామయ్యదే నిజానికి. విమానం మధ్యలో వచ్చి పోయింది.

అసలు పత్తికి విమానం దాకా ఎందుకు పోవాల్సి వచ్చిందో చెప్పాలి. డెబ్బైల్లో హైబ్రిడ్ పత్తి వచ్చాక మా వైపు రైతులకి పత్తి పిచ్చి పట్టింది. మిద్దెలు లేచాయి, రాజ్‌దూత్ మోటారు సైకిళ్ళు వచ్చాయి, కట్నాలు పెరిగాయి. పత్తితో పాటే పురుగూ పెరిగింది. ఎనభై దాటాక పురుగుమందుల కొట్లలోకి కొత్త రకం మందులు దిగాయి. సైపర్‌మెత్రిన్, ఫెన్‌వాలరేట్, ఇలాంటి పేర్లు. సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనేవాళ్ళు. చదువు రాని రైతు కూడా ఆ మాట తడుముకోకుండా పలికేవాడు. ఎకరాకి కాస్తంత మందు చాలు, పొద్దున కొడితే సాయంత్రానికి శనగపచ్చ పురుగు రాలి పడేది. జనం మురిసిపోయారు. పది రోజులకోసారి కొట్టేవాళ్ళు వారానికోసారి కొట్టారు. పక్కచేను వాడు కొట్టాడని ఇవతలి చేను వాడూ కొట్టాడు.

ఆ మందుకి చచ్చింది శనగపచ్చ పురుగు ఒక్కటే కాదు. తెల్లదోమని తిని బతికే సాలీళ్ళూ, అక్షింతల పురుగులూ కూడా తుడిచిపెట్టుకుపోయాయి. ఇక దోమకి అడ్డు ఎవరు? ఆ ఏడాది పత్తిచెట్టుని చేత్తో కాస్త కదిపితే చాలు, తెల్లగా గుంపులు గుంపులుగా లేచి, మళ్ళీ ఆకుల అడుగునే వాలేవి. వాటి పేరు తెల్లదోమే కానీ అవి కుట్టవు. ఆకు రసం పీలుస్తాయి. అవి వదిలే తియ్యటి బంక ఆకులంతా పరుచుకుని, బంక మీద నల్లటి మసి పట్టేది. పగిలిన కాయలోని దూది కూడా జిగటగా, మసిగా. తీతకు పోయిన ఆడవాళ్ళ చేతివేళ్ళు అంటుకుపోయేవి. సందేళ మా అమ్మ కిరసనాయిలు గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ అరుగు మీద కూచోవడం నాకు బాగా గుర్తు.

చేను నడుం దాటి, సాళ్ళు కమ్ముకున్నాక చేతిపంపు వీపున వేసుకుని లోపలికి దూరడం మాటలు కాదు. కూలీలు దొరకడమూ కష్టమే. అందరూ ఒకేసారి కొట్టకపోతే దోమ ఈ చేలో లేచి ఆ చేలో వాలుతుంది. అందుకని ఊరి పెద్దలు కూచుని, ఎకరాకింత అని వేసుకుని, విమానం వాళ్ళతో మాట్లాడుకున్నారు. మందు ఖర్చు రైతుదే. మా నాన్న మొదట ఒప్పుకోలేదు. "ఆకు అడుగున ఉండేదాన్ని ఆకాశం నించి కొడితే ఏమవుద్దయ్యా?" అన్నాడు. అందరూ కలిసి ఆయన్ని గమ్మునుండమన్నారు. ఉన్నాడు.

ఊరికి తూర్పున పశువుల బీడుని విమానాల దిగుడు చేశారు. రాళ్ళేరారు, తుమ్మమొక్కలు కొట్టారు, గుంటక తోలారు, ఎద్దులకి రాతి రోలర్ కట్టి తొక్కించారు. పిల్లలం బడి మానేసి పల్లేరుకాయలు ఏరాం. గాలి ఎటు నించి వీస్తోందో తెలియడానికి వెదురుగడకి గొట్టంగా కుట్టిన గుడ్డ కట్టాలన్నారు. ఆ గుడ్డ మామయ్య పంచె. పెళ్ళిలో పెట్టిన పంచెని గడకి వేలాడదీశాడని అమ్మమ్మ వారం రోజులు సాధించింది.

చాటింపు వేసిన రోజు మధ్యాహ్నమే విమానం దిగింది. అన్నాలు తింటుంటే చప్పుడు వినపడి, ఊరు ఊరంతా ఎంగిలి చేతుల్తో బీడు దగ్గరికి పరుగెత్తింది. అప్పటిదాకా విమానమంటే మాకు ఆకాశంలో మెరిసే గీత. అలాంటిది దుమ్ము రేపుకుంటూ వచ్చి మా కళ్ళముందు ఆగింది. పసుపుపచ్చ రంగు. రెక్కలు కింద, ముక్కు పొడుగు, పైలట్ కూచునే గది మాత్రం ఒంగోలు గిత్తకి మూపురం లేచినట్టు పైకి ఉంది. ఒక్కడే పడతాడు. వెనక సీటు లేదు. "ఇదేంది, ఒక్కడి కోసం ఇంత బండా?" అని మా అమ్మమ్మ అక్కడికక్కడే తేల్చేసింది.

ఈ మధ్య మా అబ్బాయి ఫోన్‌లో పాత విమానాల ఫొటోలు ఒక్కోటీ చూపిస్తుంటే ఒకచోట ఆపించాను. అదే. దాని పేరు బసంత్. మన హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్ళు ప్రత్యేకంగా వ్యవసాయం కోసమే తయారు చేసిన విమానం. 1968లో పని మొదలెట్టారట. మొదటి నమూనా బాగా మార్చేసి, 400 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజను పెట్టి, 1972 మార్చి 30న కొత్తదాన్ని ఎగరేశారు. 1980 కల్లా తయారీ ఆపేశారు. నమూనాలతో కలిపి మొత్తం 39. ఆ 39లో ఒకటి మా పశువుల బీడులో దిగిందని మా ఊళ్ళో ఇప్పుడు చెబితే కుర్రాళ్ళు నా ముఖంలోకి అదోలా చూస్తారు.

ముత్తయిదువలు పసుపు కుంకుమలతో వచ్చారు. పైలట్‌ది ఉత్తరాది, తెలుగు ముక్క రాదు. మా హెడ్మాస్టరు గారు ఇంగ్లీషులో ఏదో చెబితే నవ్వి పక్కకి తప్పుకున్నాడు. విమానానికి బొట్లు పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టడానికి రాయి కోసం చూస్తే రాళ్ళన్నీ మేమే ఏరి పారేశాం కదా, చివరికి ఎవరో పోయి రోకలి పట్టుకొచ్చారు.

ఆ సాయంత్రం పైలట్‌ని రాజ్‌దూత్ మీద ఎక్కించుకుని పొలాలన్నీ తిప్పింది మా మామయ్యే. అప్పటికి పాతికేళ్ళు కూడా ఉండవు. కరెంటు లైన్లు ఎటు పోతున్నాయి, తాడిచెట్లు ఎక్కడున్నాయి, మోటారు షెడ్లు ఎక్కడ, అన్నీ కాగితం మీద గీసుకున్నాడట. పైనుంచి చూసేవాడికి తీగ కనపడదు, స్తంభమే కనపడుద్ది, స్తంభం చూసి తీగ ఉందనుకోవాల, అని మామయ్య మాకు వివరంగా చెప్పాడు. హిందీ రానివాడికి ఇదంతా ఎలా అర్థమైందో నాకు తెలీదు. చేతి సైగలతోనే అయ్యుంటుంది. ఆ తిప్పిన పుణ్యానికి మర్నాడు మామయ్యకి జెండా పట్టే పని దొరికింది.

మర్నాడు చీకటితోనే పని మొదలైంది. ఎండెక్కితే గాలి లేస్తుంది, వేడికి మందు పైపైకే పోతుంది, చేలో పడదు. అందుకే ఈ పని పొద్దున కాసేపు, మళ్ళీ సాయంత్రం కాసేపు. పత్తిచేల దిక్కు పోవద్దన్నారు కానీ బీడు దగ్గరికి పోవద్దని ఎవరూ అనలేదుగా. మామయ్యకి ఇడ్లీ క్యారేజీ ఇచ్చే వంకతో నేను పోయాను. అన్నయ్య పోతానంటే అమ్మ ఒప్పుకోలేదు, వాడు ఇంజను కింద దూరతాడని భయం.

అలా పోవడం వల్లే ఆ విమానాన్ని దగ్గరగా చూడగలిగాను. ఒక పక్క పెట్రోలు పీపాలు. పీపాలోంచి విమానంలోకి పోసేటప్పుడు గరాటు మీద మెత్తటి తోలు పరిచి, దాంట్లోంచి వడపోసేవాళ్ళు. నీటి చుక్క గానీ నలక గానీ పోకూడదని. మా ఇంట్లో పాలు కూడా అంత శ్రద్ధగా వడపోయలేదు ఎవరూ. ఇంకో పక్క మందు కలిపే డ్రమ్ములు. ఇద్దరు కుర్రాళ్ళు చొక్కాలు లేకుండా, మోచేతుల దాకా ముంచి, కర్రతో కలుపుతున్నారు. కలిపిన మందుని పంపుతో విమానం ముక్కులోకి ఎక్కించేవాళ్ళు. మందు ట్యాంకు అక్కడే ఉంది, ఇంజనుకీ పైలట్‌కీ మధ్య.

రెక్కల వెనక అంచు పొడుగునా సన్నటి గొట్టం, గొట్టానికి వరసగా చిన్న చిన్న నాజిళ్ళు. పొట్ట కింద పంపు, దానికో బుల్లి ఫ్యాను. విమానం పోతుంటే గాలికి ఆ ఫ్యాను తిరిగి మందుని నాజిళ్ళలోకి తోస్తుంది. దానికి వేరే మోటారు ఏమీ లేదు. గొట్టం మాత్రం రెక్క చివరిదాకా లేదు, కొంత ముందే ఆగిపోయింది. పొదుపు చేశారనుకున్నాను. రెక్కల కొసల్లో గాలి సుడి తిరుగుతుందట. గొట్టం అక్కడిదాకా ఉంటే ఆ సుడి మందుని ఎత్తుకుపోయి ఎక్కడో పారేస్తుందట. అందుకే ముందే ఆపేస్తారు. ఇది నాకు మా అబ్బాయి ఇంజనీరింగులో చేరాక గానీ తెలియలేదు.

విమానం లేచాక మేం చెరువు కట్ట మీదికి పోయి నిలబడ్డాం. అక్కణ్ణించి మా మామయ్య చేతిలోని జెండా కనపడుతుంది. రెండు నిలువుల వెదురుగడ, కొసకి తెల్లగుడ్డ. చేను ఈ కొసన మామయ్య, ఆ కొసన ఇంకొకాయన. ఇద్దరి జెండాలకీ మధ్య గీత గీసుకున్నట్టుగా విమానం రావాలి. అంటే నేరుగా మామయ్య నెత్తి మీదికే. పత్తిచెట్లకి పైన మనిషి నిలువు, మనిషిన్నర ఎత్తులో. చక్రాలు చెట్లకి తగులుతాయేమో అనిపించేది. దగ్గరికి వచ్చేదాకా జెండా కదపకూడదు. పైలట్ గీత మీద కుదురుకున్నాడని తెలియగానే జెండా పట్టుకుని పక్కకి 20 అంగలు వేసి, మళ్ళీ నిలబడాలి. ఈలోపు విమానం వాళ్ళ నెత్తిన ఒక్క ఊపున లేచి, ఆకాశంలో పక్కకి వాలి, గుండ్రంగా తిరిగి మళ్ళీ వస్తుంది. లేచేటప్పుడు ఇంజను గొంతు మారిపోయేది. ఆ చప్పుడికి కట్ట మీద పిల్లలందరం కేకలు పెట్టేవాళ్ళం.

గాలికి ఎదురుగా జరుగుతూ పోవాలని మామయ్యకి చెప్పారు. అలా అయితే కొట్టిన మందు వెనక్కి పోతుంది, తన మీద పడదు. చెప్పడానికి బాగానే ఉంది. పొద్దున్నే గాలి ఒక దిక్కున నిలకడగా ఉంటుందా మా ఊళ్ళో? కాసేపు సముద్రం వైపు నించి, కాసేపు అద్దంకి కొండల వైపు నించి. చేను అయ్యేసరికి మామయ్య తల నించి కాళ్ళ దాకా తడిసి ఉన్నాడు. ముఖానికి కండువా చుట్టుకున్నాడు, అంతే. ఆ కండువా తడిసి ముక్కుకి అంటుకుపోయుంది. నేను క్యారేజీ ఇస్తే, చేతులు కడుక్కోకుండానే మూత తీయబోయాడు. డ్రమ్ముల దగ్గర కుర్రాడు గట్టిగా కేకేసి ఆపాడు.

కడుక్కోవడానికి నీళ్ళు, ప్రథమ చికిత్స, ఇవన్నీ విమానం నడిపేవాళ్ళే ఏర్పాటు చేయాలని ఆ 1971 నిబంధనల్లోనే ఉంది. మా ఊళ్ళో కంపెనీ వాళ్ళు చేసిన ఏర్పాటు ఒక సబ్బుబిళ్ళ. నలుగురికి కలిపి.

ఆ రాత్రి మామయ్యకి ఒకటే వాంతులు, తలపోటు. కళ్ళు మసకలంటాడు. దీపం ఎదురుగా పెట్టినా కంటిపాప చిన్నదై అలాగే ఉండిపోయింది. ఎద్దులబండి మీద పర్చూరు తీసుకుపోతే డాక్టరు గారు వాసన చూసే కనిపెట్టి, విరుగుడుగా అట్రోపిన్ ఇంజక్షన్లు చేశాడు. మూడో నాటికి లేచి కూచున్నాడు. లేచి, మళ్ళీ జెండా పట్టడానికి పోయాడు! అమ్మమ్మ గుమ్మానికి అడ్డం పడుకుంది. దాటుకుని పోయాడు. విమానం పైలట్‌తో స్నేహం కుదిరింది కదా, దాన్ని వదులుకోలేకపోయాడు. ఊళ్ళో వేరే ఎవరినీ ఆ పైలట్ పేరు పెట్టి పిలవలేదు మరి.

నాకు ఈ విమానాల కథ మీద ఆసక్తి అప్పుడే పుట్టి, చాలా ఆలస్యంగా తీరింది. పిల్లల చదువులయ్యాక తీరిగ్గా చదువుకున్నాను. విమానంతో మొదటిసారి పురుగుమందు చల్లింది 1921 ఆగస్టు 3న, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో. యుద్ధకాలపు శిక్షణ విమానం ఒకదానికి పక్కన పెట్టె బిగించి, మెక్‌రెడీ అనే లెఫ్టినెంటు కటాల్పా చెట్ల తోట మీద లెడ్ ఆర్సినేట్ పొడి వదిలాడు. గొంగళిపురుగులు చచ్చాయి. ఇంకేం, అక్కడి పత్తి రైతులు వదుల్తారా? కాయని తొలిచే ముక్కుపురుగు వాళ్ళ ప్రాణం తీస్తోంది అప్పుడు. 1925లో పత్తిచేల మీద మందు చల్లడానికే ఒక కంపెనీ పెట్టారు. ఇవాళ మన పిల్లలు ఎక్కి తిరిగే డెల్టా ఎయిర్‌లైన్స్ దాని సంతానమే. అట్లాంటాలో ఉండే మా ఆడపడుచు కూతురికి ఈ సంగతి చెబితే, "అత్తా, మీరు వాట్సాప్‌లో వచ్చేవన్నీ నమ్మకండి" అంది.

మొదట్లో అన్నీ పాత విమానాలకి చేసిన మార్పులే. కింద కింద ఎగరడం, తీగలకి తగలడం, పైలట్లు పోవడం మామూలైపోయింది. అప్పుడు ఫ్రెడ్ వైక్ అనే ఇంజనీరు టెక్సస్‌లోని విశ్వవిద్యాలయంలో కూచుని, ఈ పనికంటూ ఒక విమానాన్ని మొదటినుంచీ కొత్తగా ఆలోచించాడు. 1950 డిసెంబరులో అది ఎగిరింది. పైలట్‌ని ఎత్తులో కూచోబెట్టాడు, ముందూ కిందా బాగా కనపడాలని. బరువైనవన్నీ, ఇంజనూ మందు ట్యాంకూ, పైలట్‌కి ముందు పెట్టాడు. నేలకి కొట్టుకుంటే ముందు అవి నలగాలి, వెనక నించి బరువు వచ్చి మనిషి మీద పడకూడదు. గది చుట్టూ గట్టి ఇనుప చట్రం. తర్వాత ఆయనే చేసిన పైపర్ పానీ 1959 నించి వేలల్లో అమ్ముడుపోయింది. మన బసంత్ కూడా ఆ కుటుంబపు పోలికలతోనే పుట్టింది. ఇలాంటి విమానాలకి చాలావాటికి అద్దం ముందు తీగని కోసే పదునైన పట్టీ ఉంటుంది. గది మీంచి తోక కొస దాకా ఒక కేబులు లాగి ఉంటుంది, తగిలిన తీగ తోకలో చిక్కుకోకుండా దాని మీంచి జారిపోవడానికి. ఇంజను మొరాయిస్తే ట్యాంకులో మందంతా కొన్ని సెకన్లలో కింద పారబోసి తేలికయ్యే ఏర్పాటు కూడా ఉంటుంది.

ఇవన్నీ చదువుతుంటే ముచ్చటేసింది. పైలట్ ప్రాణానికి ఎంత దూరం ఆలోచించారు! ఆ వెంటనే ఒళ్ళు మండింది కూడా. ఇంత ఆలోచించినవాళ్ళ బొమ్మల్లో ఎక్కడా జెండా పట్టుకున్న మనిషి లేడు. ఒక్క మా ఊళ్ళోనే కాదు, అమెరికాలోనూ వాళ్ళు అలాగే తడిశారట. 1990ల్లో జీపీఎస్ వచ్చి గీతలు చూపించడం మొదలెట్టాకే ఆ పని పోయింది. మనిషి తడుస్తున్నాడని తీసెయ్యలేదు. అంతకంటే కచ్చితంగా, చౌకగా అవుతోందని తీసేశారు.

మందు పనిచేసిందా అంటే, మా నాన్న అన్నంతా అయింది. పై ఆకుల మీద మందు పడింది. తెల్లదోమ ఉండేది ఆకుల అడుగున, అదీ చెట్టు కింది వరసల్లో కూడా. పైనించి పడే సన్నటి తుంపర అక్కడిదాకా ఎక్కడ దిగుతుంది? రెండ్రోజులు తగ్గినట్టు కనపడి, వారానికి మళ్ళీ లేచింది. చెరువులో చేపలు మాత్రం తెల్లగా తేలాయి. బుట్టల్లో ఏరి గోతిలో పూడ్చాం, తిననివ్వలేదు పెద్దలు. తూనీగలు మళ్ళీ వానాకాలం దాకా కనపడలేదు. విమానం ఇంకో దఫా కొట్టి, ఒక పొద్దున చెప్పాపెట్టకుండా లేచి వెళ్ళిపోయింది. కంపెనీ మనుషులు జీపెక్కి దాని వెనకే పోయారు.

ఆ పంట ఎకరాకి ఎంతొచ్చిందో మా నాన్న ఎవరికీ చెప్పలేదు. తీతకూలీ కూడా గిట్టలేదని అమ్మ మాత్రం అనేది. తర్వాత మూడేళ్ళకి, 1987లో, మా జిల్లాలోనూ గుంటూరు జిల్లాలోనూ పత్తి రైతులు ఆ పురుగుమందే తాగి చనిపోయారు. మా పక్క బజారులో ఒకాయన. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయలేను. కొందరు భూములు అమ్ముకుని రాయచూరు వైపు, వరంగల్ వైపు పోయి మళ్ళీ పత్తే వేశారు. ఉన్నవాళ్ళు మెల్లమెల్లగా శనగలోకి దిగారు. ఇప్పుడు మా పొలాల్లో చలికాలంలో కనుచూపుమేరా శనగే. మంచుకి పండే పంట, దోమ గొడవ లేదు. శనగపచ్చ పురుగు మాత్రం పేరు నిలబెట్టుకుంటూనే ఉంది.

కేరళలో కాసరగోడు జీడితోటల మీద ఏళ్ళ తరబడి గాల్లోంచి ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు కొట్టారని, వైకల్యాలతో ఉన్న అక్కడి పిల్లల ఫొటోలు పేపర్లో వేసినప్పుడు మామయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. 2011లో సుప్రీంకోర్టు ఆ మందుని నిలిపేసిన రోజు నాకు ఫోన్ చేశాడు. పెద్దగా ఏం మాట్లాడలేదు. "కొట్టేసినార్లే అమ్మాయ్," అన్నాడు.

మొన్న సంక్రాంతికి ఊరెళితే మా వీధిలో డ్రోన్ వచ్చిందన్నారు. డ్వాక్రా గ్రూపు అమ్మాయి ఒకామె నడుపుతోంది. ట్రైనింగు తీసుకుందట. జీన్సు ప్యాంటు, నెత్తిన టోపీ, చేతిలో రిమోటు. పది లీటర్ల ట్యాంకు, ఎకరా పది నిమిషాల్లోపే అయిపోతుంది. శనగచేను మీద మనిషెత్తున పోతూ, గట్టు దగ్గర తనంతట తనే తిరిగి, వరస తప్పకుండా వస్తోంది. మామయ్యని మోటారు సైకిలు మీద ఎక్కించుకుని తీసుకుపోయాను. అరవై దాటాయి, ఒక కన్ను సరిగ్గా ఆనదు. గట్టు మీద గొడుగేసుకుని కూచుని చూశాడు.

"జెండా ఎవురు పట్టుకున్నారు?" అన్నాడు.

"జెండా అక్కర్లేదు మామయ్యా. పొలం హద్దులు ముందే దాంట్లో పెడతారు."

కాసేపు ఊరుకున్నాడు. తర్వాత ఆ అమ్మాయిని పిలిచాడు. "ఏమ్మా, ఆకు అడుక్కి పోతదా మందు?"

"పోద్ది పెదనాన్నా. రెక్కల గాలికి ఆకులు తిరగబడతయ్, అప్పుడు అడుగున కూడా పడుద్ది," అంది ఆమె.

మామయ్య ఆ మాట నమ్మలేదు. చేతికర్ర పట్టుకుని లేచి చేలోకి దిగబోయాడు. మందు ఆరలేదు, రావద్దని ఆ అమ్మాయి అరిచింది. చేతులకి గ్లవ్స్, ముఖానికి మాస్కు, కళ్ళకి అద్దాలు ఉన్నాయి ఆమెకి. మామయ్య ఆగి, వాటిని ఒక్కొక్కటీ చూపించి ఎంతయిందని అడిగాడు. డ్రోన్‌తో పాటే ఇచ్చారంది. తల ఊపాడు.

ఇంటికొచ్చాక బసంత్ ఫొటో చూపించాను. ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ట్యాంకు ఇక్కడుండేది, గొట్టం ఇక్కడిదాకా, మెట్టు ఇటుపక్క అని వేలితో చూపించాడు. ఒక్కటీ మర్చిపోలేదు. పైలట్ ఏమయ్యాడో అని నేను అడగబోయేంతలో ఆయనే అడిగాడు.

"ఆ కంపెనీ ఇంకా ఉందేమో నీ ఫోనులో చూడవే."

"ఎందుకు మామయ్యా?"

"రెండో దఫా కొట్టినప్పుడు జెండా కూలీ ఇయ్యకుండా పోయినారు. నాకే కాదు, అవతల కొసన ఉన్నాయనక్కూడా. ఆయన పోయి ఏడేళ్ళాయె, ఆయన కొడుకు ఒంగోల్లో ఉండాడు. వడ్డీ అక్కర్లా. అసలు ఇప్పియ్, నేనే తీసకపోయి ఇస్తా."